పొత్తిళ్ళలోని వెచ్చదనము

"పొత్తిళ్ళలోని బిడ్డ" అను మాట మన యిండ్లలో తరచుగా వినబడును. పొత్తి యనగా మెత్తని గుడ్డ. పురుడు దగ్గరపడుచున్నదనగా పెట్టెలోని పాత నూలుచీరలు వెలికి తీసి, ఉతికి, ఎండలో ఆరవేసి, చదరములుగా చింపి మడతపెట్టి యుంచుట అమ్మమ్మల పని. క్రొత్తగుడ్డ గరుకుగా నుండును. పలుమారులు ఉతికిన పాతగుడ్డ మెత్తగా నుండి తడిని పీల్చుకొనును. బిడ్డకు పేరు పెట్టుటకు ఇరువదియొక్క దినము లాగవచ్చును గాని, పొత్తిగుడ్డకొరకు ఇరువది నిమిషములైనను ఆగుటకు వీలులేదు. పసితనమునకే ఆ గుడ్డ పేరు నిలిచిపోయినదనగా, మన పెద్దలు ఆ మొదటి యవసరమును ఎంతగా గుర్తించిరో తెలియుచున్నది.

ఆ యవసరము వెచ్చదనము. ధనుర్మాసపు రాత్రి పెంకుటింటి సందులనుండి చలిగాలి దూరుచుండగా, ప్రక్కనున్న పసికందు కాళ్ళు చల్లబడినవేమో అని తల్లి చేయి చాచి తడిమి చూచుకొనును. ఇంకొక గుడ్డ కప్పవలెనా? కప్పినచో ఊపిరాడునా? తన ప్రక్కలో వేసికొనవలెనా? వేసికొనినచో నిద్రలో మీద పడుదునేమో! ఈ సందేహములు ఒక్క మన తల్లులవే కావు. రెండువేల సంవత్సరములుగా అనేక దేశముల వైద్యులు, మతాచార్యులు, యంత్రనిర్మాతలు ఈ సందేహములను తీర్చుటకే పాటుపడిరి. వారి ప్రయత్నములను వరుసగా పరిశీలించినచో మాకు ఒక విషయము స్పష్టముగా కనబడినది. బిడ్డకు వెచ్చదనము కావలెను; ఊపిరియు కావలెను; తల్లియు కావలెను. ఈ మూటిలో ఒకదానిని కాపాడబోయి మరియొకదానిని దూరము చేసికొనుట, మరల దానిని వెదకికొనుట, ఈ చరిత్రయంతయు ఇట్లే నడచినది.

అసలు పసిబిడ్డకు మనకంటె చలి యెక్కువ యేల? చిన్న గిన్నెలోని పాలు పెద్ద బిందెలోని పాలకంటె త్వరగా చల్లారును గదా. బరువుతో పోల్చి చూచినచో శిశువు చర్మవైశాల్యము పెద్దవారి దానికి సుమారు మూడు రెట్లు. తల పెద్దది, దానిపై జుట్టు పలుచన, చర్మము క్రింద క్రొవ్వు తక్కువ. పుట్టినప్పుడు మేనంతయు తడిగా నుండును. ఆ తడి ఆరుచు ఒంటిలోని వేడిని తీసికొనిపోవును. తుడువక విడిచిన శిశువు శరీరోష్ణము పది యిరువది నిమిషములలోనే 2 మొదలు 4 సెంటిగ్రేడు డిగ్రీలవరకు పడిపోవచ్చును. పెద్దలకు చలివేసినచో వణకుదురు. ఆ వణకు వలన కండరములు వేడిని పుట్టించును. పసికందునకు ఈ శక్తి యింకను అలవడియుండదు. దానికి బదులుగా ప్రకృతి వానికి మెడచుట్టును, భుజముల వెనుకను, మూత్రపిండముల చెంతను ఒక విధమగు గోధుమరంగు క్రొవ్వు నొసగినది. 1551లో కోన్రాడ్ గెస్నర్ అను స్విస్ ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఒక కొండజంతువు దేహమున ఇట్టి పదార్థమును వర్ణించెను. కాని నవజాత శిశువున ఇది వేడిని పుట్టించు కొలిమి అని తేలుటకు 1960 దశకము రావలసివచ్చినది.

ఈ కొలిమి మండుటకు ఆహారము, ప్రాణవాయువు రెండును కావలెను. చల్లబడిన బిడ్డ ఈ రెంటిని త్వరత్వరగా వ్యయపరచుకొని నీరసించును. నీరసించిన బిడ్డ పాలు కుడువజాలదు. పాలు కుడువని బిడ్డ మరింత చల్లబడును. నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఆ క్రొవ్వు నిలువయే స్వల్పము గనుక ఈ సుడిలో త్వరగా చిక్కుకొనును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కప్రకారము శిశువు ఒంటివేడి 36.5 మొదలు 37.5 డిగ్రీలవరకు ఉండవలెను. 36.5 డిగ్రీలకు తగ్గినచో జాగ్రత్త పడవలసిన స్థితి. 32కు తగ్గినచో ప్రాణాపాయము. కనుక చలియింట పసిబిడ్డను వెచ్చగా నుంచుట గారాబము కాదు, అది ప్రాణరక్షణ.

ఈ సంగతిని మన ప్రాచీన వైద్యులు బాగుగనే గుర్తించిరి. చరకసంహిత శారీరస్థానమున శిశువునకై కట్టవలసిన గదిని గూర్చిన వర్ణన కలదు. ఆ గదిలో చీకటి యుండరాదట, పెనుగాలి తగులరాదట, అయినను ఒక ప్రక్కనుండి మాత్రము గాలి వచ్చుచుండవలెనట. పడక, కప్పుడుగుడ్డలు మెత్తగాను, తేలికగాను, శుభ్రముగాను ఉండవలెననియు, చెమట పట్టినవి, మాసినవి తీసివేయవలెననియు, గుగ్గులు మొదలగు ద్రవ్యములతో ధూపము వేయవలెననియు అందు చెప్పబడినది. గాలి తగులరాదు, గాలి రాకుండను ఉండరాదు అను ఈ విధిలో వెచ్చదనము, ఊపిరి అను రెంటికిని చోటు దొరకినది. కప్పుడు మెత్తగానే కాక తేలికగా నుండవలెననుటయు అట్టిదే. తరువాతి కాలమున అనేకులు మరచిన సూత్రమిది.

క్రీస్తుశకము రెండవ శతాబ్దమున రోమునగరములో వైద్యము చేసిన సొరానస్ అను గ్రీకు పండితుడు స్త్రీవైద్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున శిశువును మెత్తని ఉన్నిపట్టీలతో చుట్టు విధానమును వివరముగా చెప్పెను. శిశువు దాదిప్రక్కలో పండుకొనరాదనియు, ఆమె నిద్రలో ఎరుగక మీదికి దొర్లినచో బిడ్డకు ఊపిరాడకపోవచ్చుననియు, తొట్టె ఆమె మంచమునకు చేరువనే ఉండవలెననియు ఆయన సలహా. రెండువేల సంవత్సరముల నాటి ఈ మాటను నేటి శిశువైద్యులలో పెక్కురు ఇంచుమించుగా అటులనే చెప్పుచున్నారు.

గుడ్డపట్టీలతో బిగించి చుట్టుట ఐరోపాలో శతాబ్దములతరబడి సాగినది. కాలుసేతులు చక్కగా పెరుగునని, చలి సోకదని వారి నమ్మకము. రానురాను ఆ చుట్టు ఎంత బిగిసినదనగా, బిడ్డ కదలుటకే వీలులేని కట్టగా మారెను. 1748లో లండనులో విలియం కాడొగన్ అను వైద్యుడు శిశుపోషణను గూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించి, పిల్లలకు అవసరమునకు మించి బట్టలు వేయుచున్నారనియు, తిండి పెట్టుచున్నారనియు ఆక్షేపించెను. వెచ్చదనము పేరిట బిడ్డను బంధించుటను ఎదిరించి బిగ్గరగా పలికిన కంఠములలో అది యొకటి.

ఐరోపా ఉత్తరపు కొననున్న సామీజాతివారు, ఉత్తర అమెరికా ధ్రువప్రాంతపు ఇన్యూట్ జాతివారు మంచునడుమ బిడ్డలను పెంచినవారు. వారి పద్ధతులు చూడదగినవి. సామీలు మ్రానును తొలిచి, తోలు కప్పి, రెయిన్‌డీర్ జింకబొచ్చును, ఎండిన నాచును పరచిన తొట్టెలో శిశువును పరుండబెట్టిరి. ఆ నాచు తడిని పీల్చుకొనును. తడిసినదానిని తీసివేసి పొడినాచు వేయుదురు. తడిసిన గుడ్డయే చలికి మొదటి తోడు అని వారెరుగుదురు. ఇన్యూట్ స్త్రీలయితే తమ తోలుకోటు వెనుకభాగమునే సంచివలె విశాలముగా కుట్టి, బిడ్డను తమ వీపునకు ఆనించి మోయుదురు. తల్లి ఒంటివేడియే బిడ్డకు కుంపటి. తల్లి టోపీ వెడల్పుగా నుండును గనుక గాలికిని కొరతలేదు. ఎక్కువ చలిలో బ్రతికినవారు ఎక్కువ గుడ్డలను నమ్ముకొనలేదు; పొడితనమును, తల్లిదేహమును నమ్ముకొనిరి.

నగరములలో నివసించిన బీదజనుల స్థితి వేరు. ఇరుకైన గదిలో ఒకే మంచము; శీతకాలమున తల్లి, తండ్రి, పిల్లలు అందరును అందే నిదురింపవలెను. అట్టి యిండ్లలో ఉదయము లేచుసరికి శిశువు చనిపోయి యుండుట తరచుగా జరిగెడిది. తల్లి నిద్రలో మీదపడుట వలన బిడ్డ మరణించుట యను భయము చాల పురాతనమైనది. బైబిలులోని సొలొమోను రాజు తీర్పుకథయందు ఒక స్త్రీ బిడ్డ చనిపోవుటకు కారణ మిదియే. మధ్యయుగపు ఐరోపాలో ఇట్టి మరణమునకు క్రైస్తవాచార్యులు తల్లికి ప్రాయశ్చిత్తము విధించిరి. ఆ మరణములలో కొన్ని రోగము వలనను, కారణము తెలియని ఆకస్మిక మరణము వలనను సంభవించినవై యుండవచ్చునని నేడు మన మెరుగుదుము. నాటి తల్లి మాత్రము పుత్రశోకముతోబాటు దోషభారమునుకూడ మోయవలసివచ్చినది.

ఈ భయమునుండి పుట్టినదే ఇటలీదేశపు ఫ్లోరెన్సులోని "ఆర్కూచియో" అను పరికరము. 1730 దశకమున లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడిన ఒక లేఖలో దీని బొమ్మయు వర్ణనయు కలవు. సుమారు మూడడుగుల పొడవుగల చెక్కచట్రము, పైన ఇనుపకమాను. శిశువు అందులో పరుండును. దుప్పటి కమానుపై నిలుచును గాని బిడ్డ ముఖముపై పడదు. దాది ప్రక్కకు దొర్లినను చట్రము అడ్డుపడును. పాలిచ్చుటకు వీలుగా ప్రక్కలలో గుంటలు తీయబడియుండును. ఆ నగరమున ప్రతి దాదియు దీనిని వాడవలెననియు, వాడనిచో మతబహిష్కారము తప్పదనియు ఆ లేఖ చెప్పుచున్నది. శిక్షమాట అటుంచి, ఆ వడ్రంగి యెవరో గాని వాని బుద్ధిని మెచ్చుకొనవలసినదే. బిడ్డ తల్లిచెంతనే ఉండెను, ఊపిరికి అడ్డులేదు, వెచ్చదనమునకు కొరతలేదు. మూడు అవసరములను ఒకే చట్రమున కూర్చిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి.

పందొమ్మిదవ శతాబ్దము వచ్చుసరికి ఈ పని వడ్రంగి చేతినుండి వైద్యుని చేతికి మారెను. ఆస్పత్రులలో ప్రసవములు హెచ్చినవి. వానితోబాటు నెలలు నిండక పుట్టి చల్లబడి చనిపోవు శిశువులు వైద్యుల కంటబడసాగిరి. 1857లో ఫ్రాన్సుదేశపు బోర్డో నగరమున డెన్యూసే అను వైద్యుడు రెండు గోడలుగల లోహపు తొట్టెను ప్రకటించెను. రెండు గోడల నడుమ వేడినీరు పోయుదురు. లోపల బిడ్డ పరుండును. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున క్రేడే అను వైద్యుడు ఇట్టి తొట్టెనే ఏండ్లతరబడి వాడెను.

పారిసునగరపు ప్రసూతి వైద్యాలయమున స్తెఫాన్ తార్నియే అను వైద్యుడుండెను. ప్రష్యాతో జరిగిన 1870–71 యుద్ధమున ఓడిపోయిన ఫ్రాన్సు తన జనసంఖ్య తగ్గిపోవుచున్నదని కలవరపడుచున్న కాలమది. 1878లో తార్నియే ఒక జంతుప్రదర్శనశాలకు పోయి, అచ్చట కోడిగ్రుడ్లను పొదిగించు వెచ్చనిపెట్టెను చూచెను. కోడిపిల్లకు పనికివచ్చునది మనుష్యశిశువునకు ఏల పనికిరాదు అని ఆయనకు తోచినది. ఆ పెట్టెను తయారుచేసిన మార్తెన్ అను పనివానిచేతనే శిశువులకు తగినట్టి పెట్టెను చేయించి, 1880 ప్రాంతమున వైద్యాలయమున నెలకొల్పెను. తరువాత ఆయన శిష్యుడు ఒవార్ దానిని సులభతరము చేసెను. చెక్కపెట్టెలో రెండంతస్తులు. క్రింద వేడినీళ్ళ సీసాలు, పైన శిశువు. గాలి క్రిందినుండి వచ్చి, సీసాల వేడిని పుచ్చుకొని, తడిస్పంజి మీదుగా సాగి, బిడ్డను తాకి పైనున్న రంధ్రమునుండి వెలికిపోవును. మూత గాజుపలక. సీసాలు చల్లారినకొలది దాదులు రాత్రింబగళ్ళు వానిని మార్చుచుండవలెను.

1883లో ఒవార్ ప్రకటించిన లెక్కలు వైద్యలోకమును ఆశ్చర్యపరచినవి. ఆ వైద్యాలయమున 2,000 గ్రాములకు తక్కువ బరువుగల శిశువులలో పూర్వము నూటికి 66 మంది చనిపోవుచుండగా, పెట్టె వచ్చిన తరువాత 38 మంది మాత్రమే చనిపోయిరి. క్రొత్త మందు లేదు, శస్త్రచికిత్స లేదు. కేవలము వెచ్చదనము వలన ఇన్ని ప్రాణములు నిలిచినవి.

అయితే పెట్టె బిడ్డను తల్లినుండి వేరుచేసినది. ఈ లోపమును తొలుత గుర్తించినవాడు తార్నియే శిష్యుడును, ఆయన అనంతరము ఆ పనిని సాగించినవాడును అగు పియేర్ బ్యుదేన్. తన చేతులతో పోషింపని బిడ్డపై తల్లికి మమకారము సన్నగిల్లుచుండుటను ఆయన గమనించెను. తల్లులను వైద్యాలయమునకు రప్పించి పాలిప్పించెను; గాజుగోడలగుండ వారు బిడ్డలను చూచుకొనునట్లు ఏర్పాటుచేసెను. 1900లో ప్రకటించిన తన గ్రంథమున శిశువునకు ముఖ్యముగా కావలసినవానిలో వేడిని, తల్లిపాలను, రోగములనుండి రక్షణను పేర్కొనెను. బ్యుదేన్ మాటలను అందరును ఆలకింపలేదు. యంత్రమే అందరి కన్నులకు కనబడినది. ఎంతగా ననగా, అమెరికాలో మార్టిన్ కూనీ యను నాతడు న్యూయార్కు సముద్రతీరమున కోనీ ఐలండులోని వినోదశాలలనడుమ 1903 మొదలు 1943 వరకు ఈ పెట్టెలలోని శిశువులను టిక్కెట్టు పెట్టి ప్రదర్శించెను. వింటకు రోతగా నున్నను, అతడు తల్లిదండ్రులవద్ద ఒక్క కాసైనను పుచ్చుకొనక, ప్రేక్షకుల సొమ్ముతోనే ఆ బిడ్డలను పోషించెను. ఆస్పత్రులు ఆశవదలుకొన్న అనేకశిశువులు అచ్చట బ్రతికిరి.

విచిత్రమేమనగా, యంత్రములు పెరిగినకొలది వేడిని గూర్చిన శ్రద్ధ కొంత సడలెను. ఇరువదవ శతాబ్ది నడుమ పలుచోట్ల పెట్టెలోని గాలితేమకు ఇచ్చిన ప్రాధాన్యము ఉష్ణమునకు ఈయలేదు. 1958లో న్యూయార్కునందు విలియం సిల్వర్‌మన్, ఆయన సహచరులు ఒక పరీక్షను ప్రకటించిరి. నెలలు నిండని శిశువులలో కొందరిని 28.9 డిగ్రీల ఉష్ణముగల పెట్టెలలోను, కొందరిని 31.7 డిగ్రీల ఉష్ణముగల పెట్టెలలోను ఉంచిరి. వెచ్చని పెట్టెలలో బ్రతికినవారు నూటికి పదునైదుగురు ఎక్కువ. మూడు డిగ్రీలకు లోబడిన భేదము ఇన్ని ప్రాణములకు సరితూగినది! తార్నియేకు తెలిసిన సత్యము డెబ్బదియైదేండ్లకు మరల ఋజువైనది.

ఆ వెచ్చనిపెట్టెలు కొనగల దేశములు కొన్నియే. కొనలేని దేశములలో ఏమి చేయవలెను? దీనికి సమాధానము దక్షిణ అమెరికాలోని కొలంబియాదేశమునుండి వచ్చినది. దాని రాజధాని బొగోటా సముద్రమట్టమునకు సుమారు 2,600 మీటర్ల యెత్తున, ఆండీస్ పర్వతములలో నున్నది. భూమధ్యరేఖకు చేరువనున్నను ఏడాదిపొడవున చలి. అచ్చటి ప్రసూతి వైద్యాలయమున 1978లో ఎడ్గార్ రే సనాబ్రియా అను శిశువైద్యుడు నిత్యము చూచుచుండినదేమనగా, పెట్టెలు చాలక ఒక్కొక్కదానిలో ఇద్దరు ముగ్గురు శిశువులు. ఒకరి రోగము మరియొకరికి అంటుట. తల్లులు బిడ్డలను విడిచిపోవుట. అప్పుడాయన తల్లినే పెట్టెగా మార్చెను. గుడ్డలేని బిడ్డదేహమును తల్లి ఱొమ్ముల నడుమ నిలువుగా ఆనించి, మెత్తని వస్త్రముతో కట్టించెను. బిడ్డకు టోపీ, మేజోళ్ళు, తుండుగుడ్డ మాత్రమే. తల ఒక ప్రక్కకు తిరిగి, గడ్డము కొంచెము పైకి ఉండునట్లు చూచుటవలన ఊపిరికి అడ్డురాదు. తల్లి వాలుగా చేరగిలబడి నిదురించును. మరుసటి యేట హెక్టర్ మార్టినెజ్ అను వైద్యుడు ఆయనతో చేరెను. కడుపుసంచిలో పిల్లను పెంచు జంతువును బట్టి దీనికి కంగారూ పద్ధతి అను పేరు వచ్చినది.

తొలుత ధనికదేశముల వైద్యులు దీనిని బీదవారి ఉపాయముగా ఎంచిరి. అయితే బొగోటాలోనే నాతలీ షార్పాక్, ఆమె సహచరులు 746 మంది తక్కువబరువు శిశువులపై పరీక్ష జరిపి 1997లో ఫలితములు ప్రకటించిరి. స్థిమితపడిన శిశువునకు కంగారూ పద్ధతి ఆస్పత్రి పోషణకు ఏమాత్రము తీసిపోదని తేలెను. తల్లి చర్మపు వేడి బిడ్డ యవసరమును అనుసరించి హెచ్చుతగ్గులగుచుండునని మరికొందరు కనుగొనిరి. ఇంకను ఒక సందేహము మిగిలెను: పుట్టిన వెంటనే, బిడ్డ స్థిమితపడకముందే, తల్లి ఱొమ్మున ఉంచవచ్చునా? దీనిని తేల్చుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థ ఘానా, భారతదేశము, మలావీ, నైజీరియా, టాంజానియాలలోని ఐదు ఆస్పత్రులలో 3,211 మంది శిశువులపై పరీక్ష జరిపించినది. మనదేశమున ఇది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో జరిగెను. ఫలితములు 2021లో వెలువడినవి. వెంటనే తల్లిఱొమ్మున చేర్చిన శిశువులలో నెలలోపల మరణించినవారు నూటికి 12. మామూలు పద్ధతిలో 15.7. భేదము స్పష్టముగా కనబడుటచేత పరీక్షను ముందుగనే ఆపివేసిరి. 2022లో ఆ సంస్థ తన సలహాలను ఇందుకు తగినట్లు మార్చినది.

ఈ కథ ఆస్పత్రి గోడలలోపలనే ముగియలేదు. మన పొరుగుననే, ప్రాణహిత గోదావరుల కావల, మహారాష్ట్రమునందలి గడ్చిరోలి జిల్లా కలదు. ఆ జిల్లాలోని సిరోంచ ప్రాంతమున తెలుగు మాట్లాడువారును కలరు. అచ్చట అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు స్థాపించిన సంస్థ 1995లో 39 గ్రామములలో ఒక ప్రయోగమునకు పూనుకొన్నది. చదువు కొలదిగా వచ్చిన గ్రామస్త్రీలకు నవజాత శిశువును పరీక్షించుట, ఒంటివేడి కొలుచుట, వెచ్చగా నుంచుట, జబ్బుచేసినచో చికిత్స చేయుట నేర్పిరి. మూడవయేటికి నెలలోపు శిశుమరణములు, ఇట్టి సాయములేని గ్రామములతో పోల్చగా 62 శాతము తగ్గినవని 1999లో ప్రకటింపబడినది. ఈ మేలంతయు వెచ్చదనము వలననే కలిగినదని చెప్పరాదు. రోగచికిత్సకును అందు పెద్దపాలు కలదు. అయినను గుడిసెలోని బిడ్డను గుడిసెలోనే కాపాడవచ్చునని ఋజువైనది. 2011లో భారతప్రభుత్వము ఆశా కార్యకర్తలద్వారా ఇంటియొద్దనే నవజాతశిశువు సంరక్షణను దేశమంతట ప్రారంభించుటకు ఇది మార్గము చూపినది.

ఇక మన యిండ్లమాట. ఆదిలాబాదు, అరకు, లంబసింగి ప్రాంతములలో శీతకాలపురాత్రి ఎంత కఠినమో అచ్చటివారికి చెప్పనక్కరలేదు. మైదానమునందైనను ముసురుపట్టిన రాత్రి, వరండాలో వేసిన మంచము పసిబిడ్డకు చలియే. మన పాతయాచారములలో మంచివి కలవు. మెత్తని పొడిగుడ్డ, తల్లిపొత్తు, బాలింతను ప్రత్యేకపుగదిలో ఉంచుట, ఇవి అన్నియు శాస్త్రమునకు సమ్మతములే. మార్చుకొనవలసినవియు కలవు. పుట్టిన వెంటనే బిడ్డకు నీళ్ళుపోయుట అట్టిది. కనీసము ఒక దినమైనను ఆగవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. మేనిపైనున్న తెల్లని జిడ్డు అశుచి కాదు. అది చర్మమునకు ప్రకృతి పూసిన లేపనము.

రెండవది కుంపటి. పురిటిగది తలుపులు మూసి, కిటికీసందులలో గుడ్డలు కుక్కి, మంచముక్రింద బొగ్గుల కుంపటి పెట్టుట పలుచోట్ల వాడుకలో నుండినది. బొగ్గులు గాలిచాలక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగులేదు, వాసనలేదు. నిదురించువారిని నిద్రలోనే చంపును. చరకసంహితలోని గదికి ఒక ప్రక్క గాలి రావలెనన్న నియమము ఇచ్చట మాకు గుర్తుకు వచ్చుచున్నది. కుంపటితో గదిని వేడిచేయవలసివచ్చినచో బిడ్డ, తల్లి అందులోనికి రాకముందే చేసి, కుంపటిని వెలికి తీసి, గాలిమారిన తరువాతనే పడుకొనవలెను.

మూడవది అతిగా కప్పుట. చలికి భయపడి వెచ్చదనమును మితిమీరించినచో ఏమగునో 1990 ప్రాంతమున తెలిసినది. ఇంగ్లండు, న్యూజీలాండు మొదలగు దేశములలో ఆరోగ్యముగా నున్న శిశువులు నిద్రలో ఆకస్మికముగా మరణించుటను గూర్చి పరిశోధించిన వైద్యులు, బోర్లపరుండబెట్టుట, బరువైన కప్పుడులు, తల కప్పబడుట, రాత్రియంతయు గదిని వేడిచేయుట ప్రమాదకారణములని కనుగొనిరి. 1991లో ఆ దేశములలోను, 1994లో అమెరికాలోను బిడ్డను వెల్లకిల పరుండబెట్టుడని ప్రచారము సాగించిరి. కొలది సంవత్సరములలోనే అట్టి మరణములు సగమునకుపైగా తగ్గినవి. చలి చంపగలదు, చలికి చేసిన కప్పుడును చంపగలదు.

కనుక ఈ రాత్రి చలియింట పసిబిడ్డను పరుండబెట్టు తల్లికి ఈ చరిత్ర చెప్పునది కొద్దిమాటలే. బిడ్డను పొడిగా నుంచుడు. తడిసిన గుడ్డను వెంటనే మార్చుడు. అప్పుడే పుట్టిన బిడ్డకు, తక్కువబరువు బిడ్డకు చలిలో టోపీ మేలు. కొన్ని వారములు గడచి ఏపుగా పెరుగుచున్న బిడ్డకు ఇంటిలో నిద్రించునప్పుడు తల కప్పనక్కరలేదు. ఒక బరువైన బొంతకంటె రెండు పలుచని పొరలు మేలు. వెల్లకిల పరుండబెట్టి, కప్పుడు ఛాతికి పైకి రాకుండ చూడుడు. తొట్టె మీ మంచము ప్రక్కనే ఉండనిండు. మెలకువగా నున్నంతసేపు ఱొమ్మున హత్తుకొనుడు. మీరు అలసినప్పుడు తండ్రియో, అమ్మమ్మయో ఆ పని చేయవచ్చును. బిడ్డ పొట్టను, పాదములను తాకి చూడుడు. రెండును వెచ్చగా నున్నచో బిడ్డ సుఖముగా నున్నది. పొట్ట వెచ్చగానుండి పాదములు చల్లగా నున్నచో చలి సోకుచున్నది. ఒంటికి హత్తుకొని పాలిండు. రెండును చల్లబడినచో బిడ్డను ఱొమ్మున కట్టుకొనియే వైద్యునివద్దకు పరుగెత్తుడు. మెడ వెనుక చెమటపట్టినచో ఒక గుడ్డ తీసివేయుడు.

తార్నియే పెట్టెలో ఉష్ణమాపకముండెను. సిల్వర్‌మన్ పరీక్షలో మూడు డిగ్రీలలోపు తేడా ప్రాణములను లెక్కించినది. చలిరాత్రి నిద్రమధ్యలో చాచి బిడ్డ పాదమును తడిమి చూచు తల్లిచేయి ఆ రెంటికంటె పాతది. ఆ చేతికి తెలిసినదానిని లెక్కలతో నిరూపించుటకు శాస్త్రమునకు నూరేండ్లకు పైగా పట్టినది. ఇప్పుడు లెక్కయు మనకు తెలిసినది గనుక, ఆ చేయి తడుమునప్పుడు ఏమి చూడవలెనో, ఏమి చేయవలెనో ఇంటిలోని వారందరును తెలిసికొనియుండుట మంచిదని మేము తలచుచున్నాము.